నీళ్ళు అన్నచోట నవ్వు

తిప్పుతున్నాను. లైబ్రరీలో మైక్రోఫిల్ము మెషిన్ పిడి పట్టుకుని తిప్పుతూనే ఉన్నాను, తెర మీద పేజీలు పక్కకి జారిపోతున్నాయి, కాగితమంతా నల్లగా, రాతంతా తెల్లగా. ఫిల్ము తీసినవాళ్ళు నెగెటివే పంపించారు మరి, దానికి మనమేం చేస్తాం. ఈ కర్నళ్ళూ, కెప్టెన్లూ, వాళ్ళ భార్యలూ, వాళ్ళ కుక్కలూ బతుకు మొత్తంలో ఎక్కడా నల్లబడనివాళ్ళు ఈ పెట్టెలోకొచ్చి నల్లబడ్డారు. ఇంకో రోజైతే ఈ మాట మా మేనత్తకి చెప్పి ఇద్దరం కడుపుబ్బా నవ్వుకునేవాళ్ళం. ఇవాళ నవ్వు రావడం లేదు. ఈ మెషిన్ ముందు ఎక్కువసేపు కూర్చుంటే రైల్లో వెనక్కి తిరిగి కూర్చున్నట్టు కళ్ళు తిరుగుతాయి, అయినా ఆపడానికి లేదు. ఐదింటికి పక్క హాల్లో కమిటీ కూర్చుంటుంది. కోట దగ్గర పాతబోయే రాయి మీద ఏం చెక్కాలో చేతులెత్తి తేల్చేస్తుంది. రాతి మీద పడ్డ మాటని ఇక నా తరంలో ఎవడూ మార్చడు. నా వెనకాల కుర్చీలో ఆ కమిటీ పెద్ద, మిస్ ఎలోయీస్ మెక్‌గ్రూడర్, పౌడరు వాసనేస్తూ, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. నా తరవాత మెషిన్ ఆవిడదట. "తొందరేం లేదమ్మా, నీ పని నువ్వు చూసుకో, నేనిలా కూర్చుంటాను" అంటుంది ఎంతో ముద్దుగా. ఆ ముద్దే నాకు ఒళ్ళు మండిస్తుంది. తిట్టినవాళ్ళని తిరిగి తిట్టొచ్చు, బంగారం అని పిలిచేవాళ్ళని ఏం చేస్తాం?

బంగారం అనే పిలిచింది ఏప్రిల్‌లో కూడా, నేనూ అత్తా పనిగట్టుకుని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. టీ ఇచ్చింది, పంచదార ఎక్కువేసిన చల్లటి టీ, పందిమాంసం కూరిన చిన్న చిన్న హామ్ బిస్కెట్లు పెట్టింది. అత్త ముట్టుకోలేదు. నేను ఒకటి తిన్నాను, బాగుంది, బాగున్నందుకు కూడా కోపమొచ్చింది. రాయి మీద మీ కర్నల్ పేరు పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు, కోట ఆయనది, కానీ కప్పెక్కి మంట ఆర్పింది ఆయన బానిస, మా ముత్తాతల తాత జూబా, ఆ ఒక్క ముక్కా రాయండి అన్నాను. ఒక్క వాక్యం. జూబా కప్పెక్కి మంట ఆర్పాడు. ఆవిడ చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుంది. "ఎంత చక్కటి కథ! మీ వాళ్ళు ఇన్నాళ్ళు దాచుకున్నారంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి. కానీ బంగారం, కథలు వేరు, కాగితం వేరు కదా. కమిటీకి కాగితం కావాలి. ఆ రోజు అక్కడున్నవాళ్ళు చెప్పింది, చేత్తో రాసింది." అత్త కర్రని నేలకేసి ఒక్క పోటు పొడిచింది. "మా చేతికి అక్షరం తగిలితే వీపు చీరేసేవాళ్ళు మీరే, ఇప్పుడు కాగితమేదీ అని అడిగేవాళ్ళూ మీరేనా?" అంది. మిస్ ఎలోయీస్ మొహం ఎర్రబడింది గాని నవ్వు చెదరలేదు. ఇంకో బిస్కెట్ తీసుకో అంది నాతో.

జూబా కథ మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ పళ్ళు రాకముందే వచ్చు. ఏటా ఆగస్టులో కుటుంబమంతా కలిసినప్పుడు, పొగలో కాలిన గొర్రెమాంసం వాసన చొక్కాలకి పట్టేశాక, పిల్లలు పుచ్చకాయ గింజలు ఒకళ్ళ మీద ఒకళ్ళు ఉమ్ముకోవడం అయ్యాక, మా మేనత్త వర్డెల్ కర్ర పట్టుకుని లేచి నిలబడుతుంది. ఆవిడకి ముందు వాళ్ళ నాయనమ్మ నిలబడేది. షానీ తెగ ఆదివాసులు కోట చుట్టూ మూగారు, అంటుంది అత్త. వాళ్ళ నేల వాళ్ళడుగుతున్నారు, అది వేరే కథ, దాన్ని చెప్పుకోవడానికి వాళ్ళకీ అత్తలుంటారు. కోటంటే ఏం కోట, దుంగలు పాతిన దడి, నాలుగు గుడిసెలు. బావి తవ్వాలని మూడేళ్ళుగా అనుకుంటున్నారు గాని తవ్వలేదు, ఊట బయటుంది, బయట తుపాకులున్నాయి. లోపల చుక్క నీరు లేదు. నిప్పు కట్టిన బాణం వచ్చి కప్పు మీద పడింది. కర్నల్ గారెక్కడున్నారు? (ఇక్కడ పిల్లలందరూ అరవాలి: మంచం కింద!) ఎవడెక్కాడు? (జూబా!) పంతొమ్మిదేళ్ళవాడు, రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని ఎక్కాడు. ఏం కుండలు? రెండు రోజులుగా ముప్ఫైమంది బయటికి వెళ్ళలేక లోపలే వాడుకున్న రాత్రికుండలు. పోశాడు. మంట చుయ్యిమని ఆరింది. కప్పుకేమో సందులున్నాయి. సందుల కింద మంచం. అక్కడ అత్త ఆగుతుంది. ఆగి, మెక్‌గ్రూడర్ల గొంతు పెట్టి, ముక్కుతో సాగదీస్తూ అంటుంది: "మరి వాళ్ళేమని చెప్పుకుంటారో తెలుసా, మా నాన్నగారు కప్పెక్కి *నీళ్ళు* పోశారండీ అని." అంతే, నీళ్ళు అన్న మాట నేల మీద పడకముందే అందరం నవ్వాలి. నవ్వొచ్చినా రాకపోయినా నవ్వాలి, అది మా ఆచారం. చచ్చిపోయే ముందు నెలలో మా నాన్న కూడా కుర్చీలో ముడుచుకుని ఆ మాట దగ్గర నవ్వాడు, దగ్గొచ్చి నోటినిండా రక్తం పడింది, తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ఎందుకు అక్కడే, ఎందుకు అంత గట్టిగా అని చిన్నప్పుడు అడిగితే, నాయనమ్మ అక్కడే నవ్వేదే, వాళ్ళమ్మ కూడా అక్కడే నవ్వేదట, జూబా నవ్విన చోటు అది, నోర్మూసుకుని నవ్వు అంది అత్త.

నోర్మూసుకుని నవ్వడం. మా జాతి మొత్తానికి ఇచ్చిన పని అదే కదా. తిప్పు, తిప్పు. ఇక్కడేదో వీలునామా, ఎవడో తన పెరట్లో ఎలుగుబంటిని చంపిన వైనం, నాలుగు పేజీలు, ఎలుగుబంటి బరువుతో సహా. కాగితం కావాలన్నారు కాబట్టి కాగితాల్లో పడ్డాను. నేను డయాలసిస్ నర్సుని, మనుషుల రక్తం మెషిన్లోంచి తిరిగి రావడం చూస్తూ కూర్చోవడం నాకు అలవాటు, ఓపికకి లోటు లేదు. సెలవులన్నీ వీటికే పోశాను. పన్నుల చిట్టాలు, భూముల పత్రాలు, కర్నల్ గారి ఆస్తిపంపకం. దొరికాడు జూబా ఆస్తిపంపకంలో, సారా బట్టీకీ గుడ్డి ఆడగుర్రానికీ మధ్యన. దొరికిందని గంతులేసి తీసుకెళితే మిస్ ఎలోయీస్ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఉన్నాడు అని తెలుస్తోంది బంగారం, ఎక్కాడు అని తెలియడం లేదు కదా" అంది. అదీ నిజమే. నిజం చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఇంకా మెత్తబడుతుంది. వాళ్ళ రాయికేమో గట్టి ఆధారం ఉంది, ఈ రీలే. పూర్వం ఒక పెద్దమనిషి గుర్రమెక్కి కెంటకీ అంతా తిరిగి, తొలి వలసవాళ్ళలో బతికున్న ముసలివాళ్ళనీ వాళ్ళ పిల్లలనీ కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. పెట్టెలకి పెట్టెలు రాశాడు, ఈ ఫిల్ము ఆ రాతలదే. ఆ తరవాతెవరో ఆ పెట్టెలన్నిటికీ సారాంశం టైపు కొట్టి పుస్తకం వేశారు. ఆ పుస్తకంలో ఉంది: కర్నల్ మెక్‌గ్రూడర్ కుమారునితో సంభాషణ, కోట ముట్టడి, తండ్రి కప్పు మీది మంట ఆర్పుట. ఒక్క పంక్తి. ఆ పంక్తిని నలభై ఏళ్ళుగా కమిటీవాళ్ళు కరపత్రాల్లో, కేకుల మీద, పిల్లల నాటకాల్లో పెట్టుకుంటున్నారు, కింద బుద్ధిగా సంపుటం నంబరు వేసి మరీ.

ఆ నంబరు చూసే నేనూ నమ్మాను. చదివే వేశారనుకున్నాను. వీళ్ళ పద్ధతి చూశాను కదా, తాతల పేర్ల కోసం శ్మశానాల్లో మోకాళ్ళ మీద పాకుతారు, అంత పట్టింపు. పోయిన నెల పనేమీ తోచక, మిగతావన్నీ అయిపోయాయి కదా అని, ఈ రీలు కూడా తెప్పించమని అడిగాను. డెస్క్ దగ్గరమ్మాయి రికార్డు చూసి, ఇది ఈ లైబ్రరీ నుంచి ఇంతవరకు ఎవరూ అడగలేదండీ అంది. ఎవరూనా? ఎవరూ. ఇవాళ పెట్టె విప్పితే ఫిల్ము చుట్టూ కాగితపు పట్టీ ఫ్యాక్టరీలో కట్టింది కట్టినట్టే ఉంది, నేనే చింపాను. నలభై ఏళ్ళు! అట్ట మీద రాసింది చూసి లోపల ఇదే ఉందని ప్రమాణాలు చేసిన జనం మమ్మల్ని కాగితం తెమ్మన్నారు. అది తలుచుకుంటూ తిప్పుతుంటే పిడి జారి నాలుగు పేజీలు గబగబా పోయాయి, వెనక్కి తిప్పాలి. నెమ్మది, ఆర్నెటా, నెమ్మది, అని నాకు నేనే చెప్పుకున్నాను. వెనకనుంచి గొంతు: "కళ్ళు నొప్పెడుతుంటే కాసేపు ఆపమ్మా." ఆపను. నా కళ్ళు నా ఇష్టం.

అత్త బయట కార్లో ఉంది. అద్దం దించుకుని, ఎండు ఆపిల్ కజ్జికాయ తింటూ, రేడియోలో బేస్‌బాల్ వింటూ ఉండి ఉంటుంది. ఎనభై ఆరేళ్ళ మనిషిని కార్లో కూర్చోబెట్టి వచ్చావా అని ఎవరైనా అంటారేమో. లోపలికి రాదు ఆవిడ. పదేళ్ళప్పుడు ఒక్కసారి వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన గౌను వేసుకుని, జడలకి కొత్త రిబ్బన్లు కట్టుకుని, మెట్లెక్కి ముందు తలుపు తోసింది, భూగోళం పుస్తకం కావాలని. డెస్క్ దగ్గరావిడ అరవలేదు, చాలా మర్యాదగా చెప్పిందట, నీలాంటివాళ్ళకి కాదమ్మా, మీ అమ్మ పనిచేసే ఇంట్లోవాళ్ళు కార్డు మీద సంతకం పెట్టి పంపితే వెనక తలుపు దగ్గర ఇస్తాం, అక్కడ నిలబడు అని. అత్త నిలబడలేదు. ఇంటికెళ్ళి రిబ్బన్లు పొయ్యిలో పడేసింది. ఆ తరవాత తలుపులు అందరికీ తెరిచారు, బల్లలు మారాయి, ఏసీ పెట్టారు, మేయరు వచ్చి రిబ్బను కత్తిరించాడు. అత్త మాత్రం ఈ మెట్లెక్కలేదు. ఇవాళ కూడా, కమిటీలో నువ్వొచ్చి ఒక్కమాట చెప్పు అత్తా అంటే, "నేను కథ చెబితే వాళ్ళు టీ ఇస్తారే పిల్లా, అంతకంటే ఏమీ ఇవ్వరు. కాగితముంటే నువ్వే పోయి మొహాన కొట్టు" అంది. కాగితం లేకపోతేనో? లేకపోతే ఈ ఆగస్టులో అత్త లేచి నిలబడుతుంది, కథ చెబుతుంది, మేం నవ్వుతాం. ఈ పక్కన రాయి నిలబడుతుంది, కర్నల్ నీళ్ళు పోశాడని. ఇంకో ఇరవై ఏళ్ళకి మా పిల్లల పిల్లలు ఏది నమ్ముతారు? నిలబడి చెప్పే మనిషి పోతుంది. రాయి పోదు. నాకు భయం దాని గురించే, భయమంతా కోపమై కూర్చుంది, అన్నం కూడా సహించడం లేదు.

ఇదిగో. మెక్‌గ్రూడర్. తెల్లటి రాత వంకరటింకరగా, అక్కడక్కడా సిరా చిమ్మి నక్షత్రాల్లా. కర్నల్ గారి కొడుకు ఇంట్లో, వరండాలో, సాయంత్రం పూట. చదువుతున్నాను. వేలు తెర మీద పెట్టి చదువుతున్నాను, మా క్లినిక్‌లో ముసలాళ్ళు మాత్రల చీటీ చదివినట్టు. ఊట, తుపాకులు, చుక్కనీరు లేకపోవడం. చుక్కనీరు లేదని వాడే చెబుతున్నాడు చూడండి, అదే నోటితో! బాణం. కప్పు. అప్పుడు మా తండ్రిగారు ప్రాణాలకు తెగించి కప్పెక్కి నీళ్ళు పోసి మంట ఆర్పినారు. అయిపోయింది, ఇంతే, సారాంశంలో ఉన్నదే. అంతలో ఆ పంక్తి పక్కనే, అదే చేతిరాతతో, ఇంకా చిన్న అక్షరాలతో, బ్రాకెట్లో ఏదో ఉంది. తెర పెద్దది చేశాను. మసకబారింది. సరిచేశాను.

(ఇక్కడ తలుపు దగ్గర కూర్చున్న ముసలి నల్లవాడు గట్టిగా నవ్వెను. అతడును ఆ దినమున కోటలో నుండెనట. నా గుర్రమును చూడుమని అతనిని బయటికి పంపివేసిరి.)

ఉన్నాడు. తలుపు దగ్గరే ఉన్నాడు. ఎనభై ఏళ్ళు దగ్గరపడి, తలంతా ముగ్గుబుట్టై, గడప మీద కూర్చుని, తన కథ ఇంకొకడి నోట్లోంచి రావడం వింటూ ఉన్నాడు. నీళ్ళు అన్నచోట నవ్వాడు. అక్కడే! మేమంతా ఏటేటా నవ్వే ఆ చోటే, మా నాన్న రక్తం కక్కుకుంటూ నవ్విన చోటే. ఊరూరా తిరిగి ఎలుగుబంటి బరువుల దాకా రాసుకున్న పెద్దమనిషికి, కలం చేతిలో ఉండగా, సిరా ఆరకుండా ఉండగా, ఆ రోజు కోటలో ఉన్నాడని చెవిన పడ్డాక కూడా, ఎందుకు నవ్వావు తాతా అని ఒక్క ముక్క అడగాలని తోచలేదు. రెండడుగుల దూరం. ఒక్క ప్రశ్న. గుర్రాన్ని చూడమన్నారు! లేచి ఉంటాడు, మోకాళ్ళు పట్టుకుని, సరేనయ్యా అని ఉంటాడు, గుర్రం దగ్గరికి వెళ్ళి మిగతా నవ్వు దాని మెడ పక్కన నవ్వుకుని ఉంటాడు. ఆ రాత్రి ఇంటికెళ్ళి కూతురికి చెప్పి ఉంటాడు, ఎలా అన్నాడో తెలుసా, నీళ్ళట, అని ముక్కుతో సాగదీసి. కింద ఇంకో పంక్తి ఉంది. ఉదయమున డచెస్‌ను చక్కగా తోమి మేత పెట్టి సిద్ధము చేసి యుంచిరి. డచెస్! గుర్రానికి పేరుంది. గుర్రం పేరు రాశాడు వెధవ. జూబా అన్న రెండక్షరాలు రాయడానికి ఎంత సిరా అవుతుందిరా నీకు? పళ్ళు కొరుకుతున్నాను, మెషిన్ బల్లని గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే తెర పగలగొట్టేదాన్నేమో.

"దొరికిందా అమ్మా?" అంది వెనకనుంచి మిస్ ఎలోయీస్. కుర్చీ జరిపాను. చదవండి, పైకి చదవండి అన్నాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, చర్చిలో చదివినట్టు నిదానంగా చదివింది. నీళ్ళు పోసి మంట ఆర్పినారు అన్నప్పుడు మొహం వెలిగింది. బ్రాకెట్ దగ్గర గొంతు తగ్గింది. గుర్రం దగ్గర ఆగిపోయింది. చెంపల మీద పౌడరు కింద రంగు మారింది, ఒక్క క్షణం నిజంగానే ఏదో అనబోతోంది అనుకున్నాను. ఆవిడకీ తెలిసింది, నాకు తెలుసు, ఆవిడకి తెలిసింది. తరవాత చేతిసంచీ క్లిప్పు టక్కుమని మూసింది.

"కానీ పేరు లేదు కదా బంగారం" అంది మెత్తగా. "ఆ నవ్విన మనిషి ఎవరైనా కావచ్చు."

కాపీ బటన్ నొక్కాను, కాగితం వేడిగా బయటికొచ్చింది, అందులోనూ నల్లటి పేజీ మీద తెల్లటి రాతే. అది పట్టుకుని డెస్క్ దాటి, ముందు తలుపు దాటి, మెట్లు దిగి, ఎండలో కారు దాకా ఎలా నడిచానో తెలియదు. అత్త కజ్జికాయ తుంపులు ఒళ్ళోంచి దులుపుకుంటోంది. నా మొహం చూసి రేడియో కట్టేసింది. చెప్పాను. ఉన్నాడు అత్తా, కొడుకు కథ చెబుతుంటే తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు, నవ్వాడు, నవ్వినందుకు గుర్రాన్ని చూడమని బయటికి పంపేశారు, గుర్రం పేరు రాశాడు గాని ఆయన పేరు రాయలేదు, పేరు లేదు కాబట్టి కుదరదంటోంది ఆవిడ అని, ఏడుస్తూ, తిడుతూ, ఒక వరస లేకుండా చెప్పాను.

అత్త కాగితం చేతిలోకి తీసుకోలేదు. నన్నే చూస్తోంది. "ఏ మాట దగ్గర నవ్వాడు?"

"నీళ్ళు అన్నచోట."

నేను పుట్టినప్పటినుంచి ఆ మాట దగ్గర అత్త నవ్వకపోవడం ఇదే మొదటిసారి. కారు అద్దంలోంచి లైబ్రరీ వైపు చూసింది, ఆ మెట్ల వైపు, ముందు తలుపు వైపు. లోపల హాల్లో లైట్లు వేశారు, కుర్చీలు సర్దుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. మిస్ ఎలోయీస్ ముందుగా రాయి మీది మాటలు పైకి చదువుతుంది, అది వాళ్ళ పద్ధతి, చదివాకే చేతులెత్తుతారు. కర్నల్ మెక్‌గ్రూడర్ ప్రాణాలకు తెగించి కప్పెక్కి నీళ్ళు పోసి, అని మొదలవుతుంది ఆ వాక్యం, నాకు కంఠతా వచ్చు.

"పేరు రాస్తాడటే, ఎదురుగా కూర్చున్న మనిషిని అడగనివాడు" అంది అత్త. గొంతులో తడి లేదు, మంట ఉంది. "నా కర్ర ఇలా ఇయ్యి. టోపీ ఇయ్యి. వెనక సీట్లో ఉంది, చర్చికి పెట్టుకునేది."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి, లోపలికి. ముందు తలుపులోంచి. తలుపు పక్కన కుర్చీ వెయ్యమను, అక్కడే కూర్చుంటాను. ఆవిడ చదవనీ, మొత్తం చదవనీ, నేను మధ్యలో మాట్లాడను." ఒక కాలు కారులోంచి కింద పెట్టింది, నా భుజం పట్టుకుని లేచింది, టోపీ సరిచేసుకుంది. మెట్ల వైపు నడుస్తూ ఆగి, నాకేసి తిరిగింది. "ఆ మాట రాగానే మాత్రం నవ్వుతాను. నువ్వూ నవ్వు, గట్టిగా నవ్వు. ఎవరి గుర్రాన్ని చూడ్డానికీ నేను బయటికి పోనని ఇప్పుడే చెప్పేయ్."